తను వినని ఆల్బం

“నేను టూరుకి రాలేను. వేళ్లు మొద్దుబారిపోయాయి,” అన్నాడు బేస్ గిటారిస్టు.

రిహార్సల్ గదిలో మిగతావాళ్లు అతని వైపు తిరిగారు. ఆ జాజ్-ఫంక్ బ్యాండు కొత్త ఆల్బం ఇప్పుడు ఎక్కడ చూసినా మోగిపోతోంది. ఇన్నాళ్లూ వీళ్ల మొహం చూడని పత్రికలు కూడా ఆకాశానికెత్తేస్తున్నాయి. శాక్సఫోన్ వాయించే పెద్దాయన, బ్యాండుకి పెద్దదిక్కు, ఆ పూట పేపరు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. మిగతా వాయిద్యాలు గంతులేయిస్తే, బేస్ ఒక్కటీ పక్కన కూర్చుని ఓదారుస్తోందని రాశారు అందులో.

“ఎప్పట్నించి?” అన్నాడు పెద్దాయన, పేపరు మడుస్తూ.

“రికార్డింగుకి ముందు నించే. తీగ మీద వేలుందో లేదో కళ్లతో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. మీకు చెప్పకుండా ఎలాగో నెట్టుకొచ్చాను.” ఏడుపు రావలసిన చోట అతనికి ఏమీ రాలేదు. బాధ కూడా పక్కింట్లో ఎవరిదో అన్నట్టుంది. “పోనీలెండి. ఈ ఒక్క ఆల్బం మిగిలింది. నాకది చాలు.”

డ్రమ్మరు లేచి సింబల్స్ తుడవడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే తళతళలాడుతున్నాయి.

“నా వంతు వీడు వాయిస్తాడు.” బేస్ గిటారిస్టు కీబోర్డు ముందు కూర్చున్న తన బావమరిదిని చూపించాడు. “కీబోర్డులో బేస్ పలుకుతుందిగా. వీడి ఎడమచెయ్యి ఎలాగూ కూర్చుని తింటోంది.”

“నావల్ల కాదు బావా.”

“నేను నేర్పుతాలేరా. మీ అక్కతో వేగుతున్నవాణ్ణి, నీతో వేగలేనా?”

ఎవరూ నవ్వలేదు.

తను వాయించింది తను వినడం అతనికి మొదటినించీ పడదు. రికార్డింగు అవగానే గిటారు పెట్టెలో పెట్టేసి ఇంటికెళ్లిపోతాడు, మళ్లీ ఆ ఊసెత్తడు. ఈ ఆల్బమూ వినలేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

“ఆల్బం పెట్టండి. ఈ ఒక్కసారికీ వింటాను. వింటూ వీడికి నేర్పుతాను.”

“రేపు చూద్దాంలే,” అన్నాడు పెద్దాయన.

“టీ తాగొద్దాం పద బావా,” అన్నాడు బావమరిది.

చివరికి అతనే లేచి ప్లేయరు మీట నొక్కాడు. మొద్దువేళ్లు రెండుసార్లు తప్పాయి. మొదటి పాట కళ్లు మూసుకుని ఆసాంతం విన్నాడు. రెండోది కూడా విన్నాడు. మూడోది మధ్యలో ఆపేసి, వచ్చి బావమరిది పక్కన కూర్చున్నాడు.

“బేసంతా నీ ఎడమచెయ్యే కదరా? బాగా వాయించావు. ఇక నేను నేర్పడానికేం మిగల్లేదు.”