పిల్లిమొగ్గ తీగ

“రాయడం ఆపావేం?”

ఆఫీసరు అడిగింది బొంగరాన్నే. ఒక్కచోట నిలవదని క్లాసంతా కలిసి ఆ పిల్లకు పెట్టిన పేరది. ఇవాళ మాత్రం బెంచీకి అతుక్కుపోయి కూర్చుంది.

ఏఐ వాడుతూ చదువుకునే ఈ క్లాసు పిల్లల్ని పాడుచేస్తోందని ఫిర్యాదు వచ్చిందట. క్లాసు మూసేసి టీచర్ని పంపించెయ్యాలా వద్దా తేల్చడానికే వచ్చానని గుమ్మంలోనే చెప్పాడాయన. వేళ్లు కూడా కనబడనంత పొడుగు చేతుల కోటు. ముఖాన నవ్వన్నది లేదు. వస్తూనే ఏఐని ఒక ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు తెర మీద పెట్టించాడు.

‘పిల్లిమొగ్గ: తెల్లని పూలు పూసే ఒక తీగ. దీని మొగ్గలు పిల్లి పాదాల్లా ఉంటాయి.’

“నేను సరిచూశాను. ఉన్నదున్నట్టు రాసుకుంటే మీ క్లాసు ఉంటుంది” అన్నాడు.

తలలన్నీ వంగాయి. ఆటస్థలంలో రోజూ పిల్లిమొగ్గలు వేసేవాళ్లే, కిక్కురుమనకుండా తీగ అని రాసేస్తున్నారు.

బొంగరం టీచర్ వైపు చూసింది. యంత్రం తడుముకోదు, తెలిసినా తెలియకపోయినా ఒకే గొంతుతో చెబుతుంది, ఎలా తెలుసని అడగకుండా ఏదీ రాయొద్దని ఏడాదంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఈవిడే. ఇప్పుడేమో నేలచూపులు చూస్తోంది. తను నోరు విప్పితే టీచర్ ఉద్యోగం పోతుంది. విప్పకపోతే టీచర్ చెప్పిందంతా పోతుంది.

“నిన్నే” అన్నాడు ఆఫీసరు.

బొంగరం లేచింది. “మీకెలా తెలుసు సార్?”

“తెర మీద కనబడటం లేదూ?”

“అది ఏఐ చెప్పింది సార్. మీకెలా తెలుసు? ఆ తీగను చూశారా?”

“నాకే ఎదురు చెబుతున్నావా? కూర్చో.”

కూర్చోలేదు. బెంచీల మధ్యకు వచ్చి, తల వంచి, నేల మీద గిర్రున ఒక మొగ్గ వేసి లేచి నిలబడింది.

“పిల్లిమొగ్గంటే ఇది సార్.”

టీచర్ గభాలున బోర్డు వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది. తనవల్లే.

ఒకసారి బయటికి రమ్మని టీచర్తో అనేసి ఆఫీసరు విసవిసా వెళ్లిపోయాడు. నోటికి చేతిరుమాలు అడ్డుపెట్టుకుని ఆమె వెనకే వెళ్లింది.

“కొంప ముంచావు కదే” అని గొణిగాడు వెనక బెంచీవాడు.

బల్ల మీద ఆఫీసరు కళ్లజోడు మర్చిపోయాడు. అది పట్టుకుని, కాళ్ల మీద పడైనా టీచర్ని కాపాడుకోవాలని బొంగరం వరండాలోకి పరుగెత్తింది. మెట్ల మలుపులో పొట్ట పట్టుకుని నవ్వుతున్న టీచర్ గొంతు వినబడి ఆగిపోయింది.

“తమ్ముడూ, రేపు పక్క సెక్షన్‌కీ ఈ కోటే వేసుకురా.”