ఎడమకాలి చప్పుడు

"దస్తగీర్ భాయ్, ఈ రన్నింగ్ షూస్ వాపస్ తీస్కో," అంటూ విఠల్‌రావు హుస్సేనీ ఆలంలోని బూట్ల దుకాణం మెట్టెక్కాడు. బూట్లేమో వెనకే వస్తున్న ఆయన భార్య రాధాబాయి కాళ్లకున్నాయి.

"ఏమైంది బాపూ?"

"ఇసొంటియే మా మనుమరాలు ఏస్కొని ఉరికితే గల్లీ అంత అదురుతది. ఈమె ఏస్కుంటే చప్పుడే లేదు! ఇరవై ఏండ్ల సంది ఈమె ఎడమకాలు టప్పుమంటే, కోపమొచ్చిందని అంత దూరం బార్కస్ బస్తీ దాకా ఉరుకుతున్న. ఇప్పుడు నాకెట్ల ఎరుకైతది?"

"అది కోపం కాదు, మోకాలి నొప్పి," అంది రాధాబాయి. "దవాఖానకు తీస్కపొమ్మని చెప్పనీకి వస్తుంటి. నేనొచ్చేలోపు నువ్వు గల్లీ దాటిపోతుంటివి. ఈ బూట్లతోని జర ఆరాముంది."

విఠల్‌రావు దుకాణం మెట్టు దిగాడు.

"దవాఖాన ఎన్ని గంటలకు తెరుస్తరు?" అని భార్యను అడిగాడు.