తీరుబడి నడక

ఆలస్యంగా అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే మన్నించండి, నిదానంగా చెబుతాను.

ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఆయాలకు సాయంత్రంపూట ఊరికే ఇంగ్లీషు చెబుతుంది టీచరమ్మ. తన కొడుకును బతికించిన ఆసుపత్రి మరి.

కొడుకును ఇక్కడికి తెచ్చిన రోజు, ఆ జోరువానలో అంబులెన్సు తోలిన మనిషి ముఖం ఆమె చూడనేలేదు. కనిపిస్తే దండం పెట్టుకోవాలని అడుగుతూనే ఉంది. "సెలవులో ఉన్నాడమ్మా" అంటారు ఆఫీసులో.

రకరకాల నడకలకు ఇంగ్లీషు మాటలు చెప్పడానికి ఆమెకు పుస్తకం అక్కర్లేదు. కిటికీలోంచి వేలు చూపిస్తుంది. పరుగులు తీసే నర్సు ఒక మాట, కాళ్లీడ్చే వంటాయన ఇంకో మాట.

"ఈరోజు మాట యాంబుల్. పనీపాటా లేనట్టు, తీరుబడిగా నడవడం."

"మా ఆయన నడకే టీచర్!" అంది ఒక ఆయా.

"మీ ఆయన ఇక్కడ లేడుగా. అదిగో, ఆయన్ని చూడండి!"

వరండాలో గడ్డం మాసిన మనిషొకడు, గోడవారగా అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. రోజూ ఇదే వేళకు వస్తాడు.

"ఎక్కడ పుట్టింది టీచర్ ఈ మాట?"

"నడవడం అనే పాత లాటిన్ మాట నుంచి. మొదట్లో గుర్రం నడకని అనేవారు. అంబులెన్సు కూడా ఆ ఇంటి పిల్లే."

"అయితే అక్క నత్త, చెల్లి పిడుగు!"

గది గొల్లుమంది. టీచరమ్మా నవ్వింది.

ఆ మనిషి ఆగాడు. "పాఠానికి అడ్డొచ్చినట్టున్నాను తల్లీ" అని వెనుదిరిగాడు.

టీచరమ్మ చాచిన వేలు చటుక్కున దించేసింది.

మర్నాడు క్షమించమని అడుగుదామని వరండాలో నిలబడింది. అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చివరికి వ్యాయామం చేయించే నర్సును ఆపి అడిగింది.

"ఆయనా? కాళ్లు విరిగి చేరాడు. ఎంత నడిస్తే అంత మంచిదన్నాం. ఉన్నట్టుండి నడవనని మొండికేశాడు. నిన్న చక్రాల కుర్చీలోనే ఇంటికెళ్లిపోయాడు."

"ఎందుకు మానేశాడట?"

"అక్కడ చదువుకుంటున్నారు, నేను అడ్డం అన్నాడు. ఇంకో వరండా చూపిస్తే వద్దన్నాడు."

"నా గది ముందే ఎందుకు నడవాలట?"

నర్సు ఆమెవైపు వింతగా చూసింది.

"మీకు తెలీదా టీచర్? 'నడక తిన్నబడ్డాక ఆ తల్లిని పలకరించాలి, ఆ వానలో నా బండిలో తెచ్చిన బిడ్డ ఎలా ఉన్నాడో అడగాలి' అనేవాడు."

— బొత్తాల అమ్మమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు చిన్న కూతురి ఇంట్లో