అక్క భుజం

"ఈ సైలెన్సర్ ఎంత వేడిని తట్టుకుంటుంది?" వారంలో మూడోసారి మా తుపాకుల కొట్టుకొచ్చి అడిగాడు ఆర్విల్ బావ.

"ఉక్కుది. వరుసగా వంద తూటాలు పేల్చినా చెక్కుచెదరదు. బరువెక్కువ. ఏడాదికి నువ్వెన్ని పేలుస్తావు బావా?"

"పోయిన వేటలో ఒకటి. అదీ దుప్పికి తగల్లేదు."

"మరి సగం బరువుండే టైటానియంది చాలుగా? ప్రభుత్వ అనుమతి నువ్వు కొన్న సైలెన్సర్ నంబరు మీదే వస్తుంది. తర్వాత మార్చుకోలేవు."

"నాకు గట్టిదే కావాలి. నువ్వు అమ్మడానికి కూర్చున్నావా, ప్రసంగానికా?"

విసుగొచ్చి ఉక్కుదాన్నే అతని రైఫిలుకు బిగించాను. అతను అందుకోకుండా పక్కనున్న లిడియా అక్కను చూపించాడు. అక్క రైఫిలు పట్టీ భుజానికి తగిలించుకుని, బాధకు కళ్లు మూసుకుంది. కాలరు కింద కమిలిన చారలు కనబడ్డాయి.

"ఏమైంది?" అన్నాడు బావ.

"నీ మోకాలికి ఆపరేషనయ్యాక కొండెక్కేటప్పుడు ఈ రైఫిలును మోస్తున్నదెవరు?" అంది అక్క.

"ఈ రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదే."

"నువ్వడిగేదంతా సైలెన్సర్ వేడి గురించేగా."

బావ ఆమె భుజం మీంచి పట్టీ తీసి, ఉక్కుదాన్ని తనే విప్పి బల్ల మీద పెట్టాడు. "ఆ తేలికది బిగించి మీ అక్కకివ్వు. తను సరేనంటేనే కాగితాలు రాయి."

ప్రతి ఆదివారం చర్చిలో నేను కూర్చునేది ఆ భుజం పక్కనే. నేనూ ఎప్పుడూ అడగలేదు.