జోడీలో రెండో జాడీ

మంగళవారం ఉదయం పది గంటలకు మంచిర్యాలలో ఫజలుద్దీన్ దుకాణం మెట్ల మీద ఒక ముసలి మనిషి పింగాణీ జాడీని పగలగొట్టాడు.

అడిగినంత ధర ఇచ్చి మరీ పగలగొట్టాడు. పెంకులన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు.

"పైసలిచ్చి పగలగొడ్తవా? పిచ్చి లేసిందా కాకా?" అన్నాడు ఫజలుద్దీన్.

"దీని జోడీ యాడుంది సేట్?"

ఫజలుద్దీన్ పాత సామాన్ల వ్యాపారంలో తల నెరిసినవాడు. జాడీని వేలితో కొట్టి విని, అడుగు గీకి చూసి ధర కడతాడు. నీలం పూల ఆ జోడీని కొన్నప్పుడు, అవి కొత్తవేననీ, పాతవాటిలా కనబడేట్టు చేశారనీ తేల్చుకున్నాడు.

ఇప్పుడు లెక్క మారింది.

జోడీలో ఒకటి పగిలితే, ఒక్కటే మిగిలిన రెండోదాని ధరకు రెక్కలొస్తాయి. ఈ ముసలాయన వెనక కొనే పెద్ద పార్టీ ఏదో ఉంది. జాడీలు అసలైన పాతవే. తన కన్నే పొరబడింది.

"అమ్ముడుపోయింది," అన్నాడు. రెండో జాడీ బల్ల కింద గోనెపట్టాలో ఉంది.

"ఎవరికి?"

"చెన్నూరాయన ఎవరో కొన్నడు. పేరు తెల్వది."

"దాంట్ల తినేటియి పెట్టొద్దని జెప్పినవా? పూతల సీసం ఉంది. పులుపు తగిలితే ఇడుస్తది. మనిషి పానానికే మోసం."

ఫజలుద్దీన్ నవ్వు ఆపుకున్నాడు. సరుకుకు వంక పెట్టేవాడే కొనేవాడు. తండ్రి పక్కన కూర్చుని నేర్చిన మొదటి పాఠం అది.

"గంత ఖరాబ్ మాల్‌కు గిన్ని పైసలెందుకిచ్చినవ్? అండ్ల సీసం ఉన్నట్టు నీకెట్ల ఎరుక?"

ఆ మనిషి పెంకుల సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఫజలుద్దీన్ జాడీని ఇంటికి పట్టుకెళ్లాడు.

"ఖాజాబీ, దీంట్ల నిమ్మకాయ తొక్కు పెట్టు."

"ఇంకొకటా? ఇల్లంత జాడీలే. నన్ను గూడ ఒకదాంట్ల పెట్టి అమ్ముండ్రి," అంది భార్య.

"నిన్నెవరు కొంటరు? జర వాసన పట్టనియ్యి, చాలు."

పాత సామాన్ల మోజుతో హైదరాబాద్ నుంచి వచ్చే షౌకీన్లు ముందు జాడీ మూతికి ముక్కు ఆనిస్తారు. ఊరగాయ తొక్కు వాసన రాకపోతే పాతదంటే నమ్మరు. ఫజలుద్దీన్ అమ్మే ప్రతి జాడీ కొన్నాళ్లు ఖాజాబీ వంటింట్లో ఉండి వెళ్లేది.

కొడుకు సాద్ భార్య సుమయ్యకు అప్పుడు నాలుగో నెల. చాన్నాళ్లకు నిలిచిన కడుపు. తొక్కు ఊరకముందే వేలు పెట్టి నాకింది.

"అమ్మీ, గిది మొత్తం నాదే. సాద్ అడిగినా పెట్టొద్దు."

"తిను బేటీ. అడిగేది నువ్వు కాదు, లోపలిది."

జాడీ సగమయ్యేసరికి ఆ మనిషి మళ్లీ దుకాణానికి వచ్చాడు.

"సేట్, చెన్నూరు మొత్తం తిరిగిన. ఆ ఇల్లు దొరకలే. జర యాది జేస్కో. ఆళ్లింట్ల చిన్నపిల్లలున్నరా? కడుపుతోటి ఉన్నోళ్లున్నరా?"

కంచు పళ్లెం తుడుస్తున్న ఫజలుద్దీన్ చెయ్యి ఆగింది.

ఆ ఉదయమే సుమయ్య అన్నం వద్దంది. కడుపులో మెలిపెడుతోందంది.

"ఎంతైనా ఇస్త సేట్. ఇల్లు జూపియ్యి."

ఎంతైనా ఇస్తానన్న మాటతో చెయ్యి మళ్లీ కదిలింది.

"యాదికొస్తే చెప్త. పోయిరా కాకా."

శుక్రవారం సుమయ్యను కరీంనగర్ ఆస్పత్రిలో చేర్చారు. ఆదివారం కడుపు పోయింది.

డాక్టరమ్మ రక్త పరీక్ష చూసి, ఒంట్లో సీసం చేరిందని చెప్పింది. ఇంట్లో ఏ గిన్నెలో ఏం తింటున్నారని అడిగింది.

ఖాజాబీ భర్త వైపు చూసింది.

ఫజలుద్దీన్ వరండాలోకి వచ్చి, ఆ జోడీని తనకు అమ్మిన కైలాసానికి ఫోన్ చేశాడు.

"నీలం పూల జాడీల కోసం ఒక ముసలాయన తిరుగుతుండు. ఎరికేనా?"

"నీ పేరు జెప్పింది నేనే గద భాయ్. నిన్న గూడ చెన్నూరు బస్సెక్కుతుంటె జూసిన. జాడీల సంగతి నీకు జెప్పలేదా?"

"చెప్పిండు."

"మరింకేంది?"

"ఆయన ఎవరు?"

"లక్సెట్టిపేట గంగయ్య. ఆ జాడీలు ఆయన బట్టీల కాల్చినయే. ఎండకాలంల మనుమరాలు హర్షిణి గసోంటి జాడీల తొక్కు తినే పానం ఇడిసింది భాయ్. అప్పటిసంది బట్టీ ఆర్పి, తను జేసినయి తనే కొని పగలగొట్టుకుంట తిరుగుతుండు."