తొమ్మిది పరమాణువులు

“కాళ్లకేం వేసుకొచ్చావో చూసుకున్నావా అమ్మాయ్?” అన్నారు ప్రొఫెసర్ ఆసెన్ కర్పుజోవ్.

ఎదురు కుర్చీలో కూర్చున్నామె కిందికి చూసుకుంది. ఇంట్లో తిరిగే ఉన్ని చెప్పులు. బయట ప్లొవ్‌దివ్ వీధులన్నీ మంచు కరిగి బురద బురదగా ఉంటే, మౌఖిక పరీక్షకి ఈ అవతారంలో వచ్చిన మనిషిని నలభై ఏళ్లలో ఆయన చూడలేదు. పైగా జుట్టు సగం నెరిసింది. ఎన్నిసార్లు తప్పితే ఈ వయసులో ఇంకా పరీక్షలు రాస్తోందో. ఈ మధ్య ఎవరిని పడితే వాళ్లని చేర్చుకుంటున్నారు.

ఆమె లిండెన్ పువ్వుల టీ కప్పు ఆయన ముందుకి జరిపింది. టీలకి మార్కులు రాలవని చెప్పి ఆయన దాన్ని పక్కకి నెట్టేశారు.

ప్రశ్న మాత్రం తేలికైనదే ఇచ్చారు. ఇనుము స్ఫటికంలో యూనిట్ సెల్, అంటే పరమాణువులు పేర్చుకున్న అతి చిన్న ఘనం. దాని అంచు పొడవెంతో లెక్క కట్టాలి. సాంద్రత, పరమాణు భారం ఆయనే చెప్పారు. ఇలాంటి మొద్దుకి ఆ మాత్రం దయ కూడా దండగే అనిపించింది.

“ముందు ఆ ఘనంలో పరమాణువులెన్నో చెప్పు.”

“రెండండీ.”

ఆయన నవ్వారు. ఆ నవ్వుకి జడిసి చదువు మానేసినవాళ్లున్నారని ఆయనకి లోలోపల గర్వం.

“ఘనానికి మూలలెన్ని? లెక్కపెట్టడానికి నీ వేళ్లు చాలకపోతే నావి ఇస్తాను.”

మూలలు ఎనిమిదనీ, ఒక్కో మూలలోని పరమాణువునీ దాని చుట్టూ ఉన్న ఎనిమిది ఘనాలు పంచుకుంటాయనీ, కాబట్టి మూలలన్నీ కలిపి ఒక్కటే లెక్కకొస్తుందనీ, నడిమధ్యలో ఇంకొకటి ఉంటుందనీ ఆమె కాగితం మీద గీసి చూపిస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

“పంచుకోవడానికి అదేమన్నా జున్ను పెట్టిన రొట్టా?” అన్నారాయన. “ఎనిమిది మూలలకి ఎనిమిది, మధ్యలో ఒకటి. తొమ్మిది. బళ్లో పిల్లలు చెబుతారు.”

ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

“మొన్నటిదాకా మీరే రెండని చెప్పేవారండీ.”

“మొన్న నిన్ను నేనెక్కడ చూశాను? నీ తెలివితక్కువతనం నాకు అంటగట్టకు.”

ఆమె కలం కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఇప్పటికి దీనికి భయం పట్టుకుందని ఆయనకి తృప్తి కలిగింది.

“తొమ్మిదేనండీ. నేనే పొరబడ్డాను,” అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

పరీక్షలో కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మంట. కాగితం లాక్కుని, తప్పినవాళ్లకి వేసే రెండు అంకె పెద్దగా వేసి, కింద గీత కూడా గీశారు. చదువుకుని, బూట్లు తొడుక్కుని, మనిషిలా రేపు రమ్మన్నారు.

“అలాగే నాన్నా, ముందు ఈ మాత్ర వేసుకో,” అంది ఆమె.