దాచిన సీసాలు

"మందు తయారయ్యే తొట్టెలో ఉన్నవి మన కణాలే కావట, ఇల్దికో! వేరేవేవో చొరబడి మనవాటిని మింగేశాయట!" బయటి ల్యాబ్ పంపిన పరీక్ష ఫలితాల కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు డైరెక్టర్ బర్నబాష్. "ఏడేళ్లుగా ఈ కణాల పరీక్షలో ఏటా పాసయ్యాం. ఈసారి ఏం వెలగబెట్టావు?"

"ఈసారి తొట్టెలోంచే తీసి పంపాను, డాక్టర్ గారూ."

"మరి ఇన్నాళ్లూ?"

"మొదట్లో మన కణాల్ని గడ్డకట్టించి దాచిన సీసాల్లోంచి. పాసయ్యేదే పంపమన్నది మీరేగా!"

బర్నబాష్ కిటికీలోంచి కిందికి చూశాడు. సెగెద్ నగరంలోని ఆసుపత్రులకు వెళ్లే ఆ మందు ఇంజక్షన్ల పెట్టెలు లారీ ఎక్కుతున్నాయి. ఆపమంటాడనుకుంది ఇల్దికో.

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ సీసాలు ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదు," అంది ఇల్దికో. "ఉంటే ఈసారీ అదే పంపేదాన్ని."